జాయినింగ్ లెటర్ నుంచి రైలెక్కే దాకా: ఆర్మీ ట్రైనింగ్‌కి ముందు ఇంట్లో గడిపే ఆఖరి పది రోజులు

1996 మార్చిలో నేను ఆముదాలవలస స్టేషన్‌లో రైలెక్కే ముందు ఇంట్లో గడపడానికి సరిగ్గా పది రోజులు దొరికాయి. ఆరు రోజులు చుట్టాల ఇళ్ల చుట్టూ తిరిగాను. మిగతావి స్నేహితులతో అయిపోయాయి. ఆఖరి రాత్రి పదకొండింటికి ఇంటికొస్తే, అమ్మ వంటింటి గుమ్మం దగ్గర రెండు కంచాలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకటి నాది, ఒకటి తనది. పనసపొట్టు కూర చేసింది. అది నాకు ప్రాణం. నేను బయట తినేసి వచ్చానని చెప్పి పడుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ రెండో కంచం మాత్రం నా కళ్లముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

పదిహేడేళ్లు సర్వీసు చేసి, హవల్దార్‌గా రిటైరై ఊరికొచ్చాను. ఇప్పుడు తెల్లవారుజామున గ్రౌండ్‌లో కుర్రాళ్ల చేత రన్నింగ్ ప్రాక్టీసు చేయిస్తుంటాను. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో ఆర్మీకి వెళ్లడమంటే కొత్త సంగతేమీ కాదు. పశ్చిమ గోదావరిలో ఒక ఊరికి మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడిపోయింది. అయినా సెలెక్టయిన ప్రతి కుర్రాడూ వచ్చి నన్ను అడిగేది ఒక్కటే: “అన్నా, పెట్టెలో ఏం పెట్టుకోవాలి?” ఈ పది రోజులు ఇంట్లో ఎలా ఉండాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే అడగకుండానే రాస్తున్నాను, తమ్ముడూ. నేవీకి, ఎయిర్ ఫోర్స్‌కి వెళ్తున్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు కూడా ఇందులో చాలామటుకు పనికొస్తుంది.

మొదటి రోజు: ఎన్నాళ్లు దూరంగా ఉంటావో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు

లెటర్ వచ్చిన రోజు ఇల్లంతా సంబరంగా ఉంటుంది. స్వీట్లు పంచుతారు, ఫోన్లు మోగుతాయి. అది సద్దుమణిగాక, రాత్రి భోజనాల దగ్గర క్యాలెండర్ ముందు పెట్టుకుని అందరికీ లెక్క చెప్పు. ఆర్మీ అగ్నివీర్‌కి (నాలుగేళ్ల సర్వీసుకు తీసుకునే సిపాయికి) సెంటర్‌లో, అంటే ట్రైనింగ్ కేంద్రంలో, శిక్షణ ఆరేడు నెలలు ఉంటుంది. నేవీ వాళ్లకు ఒడిశాలో చిలికా సరస్సు పక్కనున్న ఐఎన్ఎస్ చిల్కాలో 16 వారాలు. ఎయిర్ ఫోర్స్ అయితే బెళగావి వెళ్లాలి. మన తెలుగు కుర్రాళ్లు కొందరికి హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటరో, సికింద్రాబాద్ ఈఎంఈ (ఆర్మీ వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగం) సెంటరో వస్తుంది. ఇంకొందరు బెంగళూరు, నాసిక్ రోడ్, నీలగిరుల్లో ఉన్న వెల్లింగ్టన్ దాకా వెళ్తారు. సెంటర్ సొంత రాష్ట్రంలో ఉన్నా సరే, శనివారం వచ్చి సోమవారం పోదామనుకోవడానికి కుదరదు. ఇంట్లో పెద్ద ఆపద వస్తే తప్ప శిక్షణ మధ్యలో సెలవు ఉండదనే అనుకోండి. శిక్షణ అయ్యాక ఏడాదికి 30 రోజుల సెలవు ఉంటుంది.

ఈ లెక్క అమ్మకు ముందే తెలియాలి. “తొందర్లోనే వస్తాలే” అని ఆమెను ఊరుకోబెట్టొద్దు. ఆ మాట పట్టుకుని ఆమె ప్రతి పండక్కీ ఎదురుచూస్తుంది. “పాసింగ్ అవుట్ పరేడ్‌కి, అంటే ట్రైనింగ్ ముగిసే రోజు కవాతుకి, మీరే రావాలి, అక్కడ కలుద్దాం” అని చెప్పు. క్యాలెండర్‌లో ఆ నెల మీద గీత గీయించు. చాలా సెంటర్లలో ఆ రోజు తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అనే పతకం ఇస్తారు. ఆ సంగతి చెబితే నాన్న పైకి ఏమీ అనడు గానీ, మర్నాడే కొత్త చొక్కా కుట్టించే ఆలోచనలో పడతాడు.

రెండు, మూడు రోజులు: కాగితాల పని మొత్తం ఇప్పుడే తెమల్చుకో

కుటుంబంతో గడపడం గురించి చెబుతూ కాగితాల మాటేంటి అనుకోకు. నేను చూసినంతలో, ఆఖరి రోజుల్ని తినేసేది ఈ కాగితాల టెన్షనే. రేపు రైలనగా ఇవాళ ఫొటోల కోసం, సర్టిఫికెట్ కోసం టౌనుకు పరిగెత్తే కుర్రాళ్లను ఎంతమందిని చూశానో!

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది: ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, పాన్ కార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది. నాన్న పేరు ఒకచోట ‘రావు’తో, ఇంకోచోట ‘రావు’ లేకుండా ఉంటుంది. సెంటర్‌లో నీ డాక్యుమెంట్లు, కుటుంబ సభ్యుల వివరాలు రాసుకునేటప్పుడు ఈ తేడాలన్నీ బయటపడతాయి. పదో తరగతి మెమోను పక్కన పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, స్థానికత, కుల ధ్రువీకరణ పత్రాలు ఒక్కొక్కటే అక్షరం అక్షరం సరిచూడు. తేడా కనిపిస్తే ఆ రోజే సచివాలయానికో మీసేవకో వెళ్లు. అమ్మానాన్నల ఆధార్‌లో పేర్లు, పుట్టిన తేదీలు కూడా ఒక కాగితం మీద రాసుకో. అక్కడ అడిగితే తడుముకోకూడదు.

ఒరిజినల్స్ ఒక ఫోల్డర్‌లో, జిరాక్సులు మూడు నాలుగు సెట్లు ఇంకో ఫోల్డర్‌లో, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు డజన్లు. ఒక జిరాక్సు సెట్టు ఇంట్లో బీరువాలో పెట్టి, అది ఎక్కడుందో చెల్లికి చూపించు. లెటర్‌లో రాసిన జాబితానే నీకు ప్రమాణం. మా మాటలు, సీనియర్ల మాటలు దాని తర్వాతే.

ఈ రోజుల్లోనే ఫోన్ చేసి “మెడికల్‌లో చిన్న సమస్య ఉంది, ఇంత పంపితే సరిచేస్తాం” అనేవాళ్లు బయల్దేరతారు. ఆర్మీ భర్తీకి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఈ మాట నాన్నకు కూడా చెప్పి ఉంచు. కొడుకు భవిష్యత్తు అనేసరికి ఎంత తెలివైనవాడైనా కంగారు పడతాడు. జాయినింగ్ లెటర్ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు. నీ నంబరు, వివరాలు అందరికీ ఇచ్చేసినట్టే అవుతుంది.

నాలుగో రోజు: నీ ఫోన్‌లో ఉన్న ఇంటిని బయటికి తీయి

ఈ పని గురించి ఎవరూ చెప్పరు. నేను మాత్రం మిగతా అన్నిటికంటే దీన్నే గట్టిగా చెబుతాను.

ఒక్కసారి ఆలోచించు. అమ్మ బ్యాంకు ఖాతాకు ఎవరి నంబరు ఉంది? నీదే. గ్యాస్ బుకింగ్‌కి, నాన్న ఆధార్‌కి, ఈ-క్రాప్‌లో పంట నమోదుకి, కరెంటు బిల్లుకి కూడా నీ నంబరే. ఇంట్లో చదువుకున్నవాడివి నువ్వే కాబట్టి అన్నిచోట్లా నీ నంబరే ఇచ్చి ఉంటారు. సెంటర్‌లో మొదటి వారాల్లో ఫోన్ చేతిలో ఉండదు, ఆ తర్వాత కూడా ఎప్పుడు పడితే అప్పుడు వాడనివ్వరు. అప్పుడు ఓటీపీ ఎక్కడికి పోతుంది? పోయినేడు మా గ్రౌండ్ కుర్రాడొకడు వెళ్లాక వాళ్లమ్మ డ్వాక్రా డబ్బు తీసుకోలేక నెలన్నర తిరిగింది. పాపం ఆమె కొడుకును తలుచుకుని ఏడ్చిందో, ఓటీపీ రాక ఏడ్చిందో ఆమెకే తెలియదు.

అందుకని ఒక రోజంతా దీనికే పెట్టుకో. అమ్మను, నాన్నను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి నంబరు మార్పించు. అన్నిటికీ మార్చడం కుదరకపోతే తేలికైన దారి ఒకటుంది: నీ పాత సిమ్ ఇంట్లోనే వదిలేసి, నువ్వు కొత్త సిమ్ తీసుకో. కాకపోతే నీ సొంత ఆధార్‌కి, బ్యాంకుకి, ఆర్మీ దరఖాస్తుకి ఏ నంబరు ఇచ్చావో ముందు చూసుకుని ఆ పని చెయ్యి.

బ్యాంకుకు వెళ్లే దారిలో, ఆ క్యూలో, తిరిగొచ్చేటప్పుడు చెరకురసం బండి దగ్గర అమ్మతో నువ్వు గడిపే ఆ మూడు నాలుగు గంటలు నీకు తర్వాత గుర్తుంటాయి. ఇంట్లో కూర్చుంటే ఆమె వంటలో మునిగిపోతుంది. బయటికి తీసుకెళ్తేనే తీరికగా మాట్లాడుతుంది.

అదే రోజు సాయంత్రం ఇంట్లో నువ్వు చేసే పనులన్నీ ఒక నోటు పుస్తకంలో రాయి. మోటారు స్టార్టర్ మొరాయిస్తే ఏ మెకానిక్‌కి చెప్పాలి, నాన్న బీపీ మాత్రలు ఎక్కడ కొంటావు, నానమ్మ కళ్ల డాక్టరు దగ్గరికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలి, పాలవాడి లెక్క ఎంత, అన్నీ రాయి. మాత్రల డబ్బా మీద ‘పొద్దున్న’, ‘రాత్రి’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి అంటించు. తమ్ముడో చెల్లో ఉంటే వాళ్ల చేతే ఒకసారి గ్యాస్ బుక్ చేయించు, బిల్లు కట్టించు. నువ్వు పక్కన నిలబడి చూడు, చేత్తో ఫోన్ లాక్కోకు.

రోజూ చెయ్యాల్సింది: అమ్మ దగ్గర నేర్చుకో, నాన్నతో లేచి వెళ్లు

“వెళ్లిపోతాడు కదా, నిద్రపోనీ” అని అమ్మ నిన్ను ఎనిమిదింటి దాకా లేపదు. ఆ ముద్దు మంచిదే గానీ సెంటర్‌లో నీకు తెల్లవారకముందే విజిల్ వినిపిస్తుంది. పది రోజులూ ఆలస్యంగా లేచినవాడికి మొదటి వారం నరకంలా ఉంటుంది. నాలుగున్నరకు లే. పొలం ఉంటే నాన్నతో నీళ్లు పెట్టడానికి వెళ్లు, పాడి ఉంటే పాలకేంద్రానికి వెళ్లు, నాన్న ఆటో నడిపితే పక్కన కూర్చుని మొదటి ట్రిప్పుకి వెళ్లు. మన తండ్రులు ఎదురెదురుగా కూర్చోబెడితే మాట్లాడరు. పక్కపక్కన నడుస్తూ, చేతిలో పని ఉంటేనే నోరు విప్పుతారు. మా నాన్న నాతో జీవితంలో ఎక్కువ మాటలు మాట్లాడింది కళ్లంలోనే.

పగలు అమ్మ దగ్గర గుండీ కుట్టడం నేర్చుకో. చొక్కా ఉతికి మరక పోగొట్టడం, ఇస్త్రీలో మడత నలగకుండా తీయడం, దుప్పటి మడతపెట్టడం, అన్నీ అక్కడ నీ పనులే. ఇస్త్రీ మడత చెడితే ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) చేత రగడా (ఒళ్లు హూనమయ్యే శిక్ష) తప్పదు. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి ఆమె చేత చెప్పించుకో. నా శిష్యుడొకడు నాలుగు గుండీలు కుట్టేసరికి వాళ్లమ్మకు తన పెళ్లినాటి కబుర్లు అన్నీ గుర్తొచ్చాయట. “ఇరవై ఏళ్లుగా ఆమె కొడుకుని, ఆ కబుర్లు ఒక్కటీ నాకు తెలీదన్నా” అన్నాడు.

తిండి విషయం కూడా చెప్పాలి. లంగర్‌లో, అంటే అక్కడి భోజనశాలలో, రొట్టె, పప్పు ఎక్కువ. మూడు పూటలా అన్నం తిని పెరిగిన పిల్లలకు మొదట్లో కడుపు నిండినట్టే ఉండదు. ఇష్టమైనవన్నీ అమ్మ చేతి వంట తిను, కాదనను, కానీ ఒక పూట చపాతీ అలవాటు చేసుకో. హిందీ కూడా అంతే. ఇంట్లో ఎవరికైనా కాస్త హిందీ వస్తే రోజూ అరగంట హిందీలోనే మాట్లాడుకోండి. చెల్లి నీ తప్పులకు నవ్వుతుంది. నవ్వనీ. ఆ నవ్వు నీకు అక్కడ గుర్తొస్తే మంచిదే.

చుట్టాలు: ఒక్క రోజు చాలు

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యొద్దు. మేనత్త ఇల్లు, చిన్నాన్న ఇల్లు, అమ్మ పుట్టిల్లు అంటూ తిరిగితే పది రోజులూ బస్సుల్లోనే అయిపోతాయి. తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ, ఇలా మళ్లీ వచ్చేసరికి ఆరోగ్యం ఎలా ఉంటుందో చెప్పలేని పెద్దవాళ్ల దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్లు. వాళ్ల పక్కన ఒక రాత్రి పడుకో. వీలైతే వాళ్లనే మీ ఇంటికి తీసుకొచ్చెయ్యి, నువ్వు వెళ్లేదాకా ఉంటారు. మిగతావాళ్లకు ఫోన్ చెయ్యి. లేదా ఒక ఆదివారం మధ్యాహ్నం అందరినీ భోజనానికి పిలిపించు. వచ్చి దీవించి, చేతిలో ఐదొందలు పెట్టి వెళ్తారు. ఆ డబ్బు అమ్మకే ఇచ్చెయ్యి.

కుటుంబంలో ఎవరితోనైనా మాటలు లేకపోతే, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఉంటే, నువ్వే ఒకసారి వాళ్ల గుమ్మం తొక్కు. తగాదా తీర్చక్కర్లేదు. “బాబాయ్, ట్రైనింగ్‌కి వెళ్తున్నా, మావాళ్లకు ఏదైనా అవసరమొస్తే చూస్తుండు” అంటే చాలు. మిలిటరీకి వెళ్తున్న పిల్లాడి మాట తీసెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు.

స్నేహితులు, పార్టీలు, బైకు

ఫ్లెక్సీ, డీజే, ఊరేగింపు గురించి నిన్ను తప్పుపట్టను. ఊరంతా నీ గెలుపును తమ గెలుపనుకుంటే అది సంతోషమే. కానీ అది రైలుకు నాలుగు రోజుల ముందే అయిపోవాలి, పగటిపూట అవ్వాలి.

ఎందుకంటే ఐదేళ్ల కిందట మా పక్కూరి కుర్రాడొకడు, భర్తీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఐదున్నర నిమిషాల్లోపే కొట్టి, పదికి పది పుల్-అప్స్ తీసినవాడు, పార్టీ అయ్యాక రాత్రి ఒంటిగంటకు బైకు మీద వస్తూ కల్వర్టు దగ్గర పడ్డాడు. ప్రాణం దక్కింది, భుజం ఎముక విరిగింది. తోటివాళ్లు రైలెక్కిన రోజు వాడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అందుకే మా గ్రౌండ్‌లో ఒక నియమం పెట్టాను: లెటర్ వచ్చిందంటే బైకు తాళం నాన్న చేతిలో ఉండాలి. పందెం కబడ్డీ వద్దు, కాలవలో దూకడాలు వద్దు, టాటూ అసలే వద్దు. రోడ్డు పక్క నూనె తిండి, కలుషితమైన నీళ్లు వద్దు. కామెర్లో టైఫాయిడో పట్టుకుంటే నెలల కష్టం పోతుంది. రన్నింగ్ మానకు, కానీ తేలికగా చెయ్యి. చెవిలో గుబిలి ఉంటే డాక్టరు చేత శుభ్రం చేయించు, పిప్పిపన్ను ఉంటే చూపించు.

డబ్బు, పెళ్లి: సిగ్గుపడకుండా ఒక గంట మాట్లాడండి

అగ్నివీర్‌గా వెళ్తుంటే మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు. అందులో 9,000 సేవానిధికి, అంటే నాలుగేళ్లయ్యాక చేతికిచ్చే పొదుపుకి, పోతుంది, ప్రభుత్వం ఇంకో 9,000 దానికి కలుపుతుంది. చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాదికి మొత్తం జీతం 40,000 అవుతుంది. నాలుగేళ్లయ్యాక 25 శాతం దాకా రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతావాళ్లు సుమారు పది లక్షల సేవానిధి, దానిపై వడ్డీతో ఇంటికొస్తారు. ఇదంతా నాన్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. “కొడుక్కి గవర్నమెంట్ ఉద్యోగం వచ్చింది” అనే సంతోషంలో అప్పు చేసి ఇల్లు కట్టడం మొదలుపెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. మొదటి జీతం ఖాతాలో పడటానికి కూడా కాస్త టైమ్ పట్టొచ్చు. దాన్ని నమ్ముకుని ఈఎంఐలో ఏదీ కొనొద్దు. నెలకు ఇంటికి ఎంత పంపగలవో చెప్పు, అందులో ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత దాచాలి అన్నది అమ్మనే తేల్చమను.

48 లక్షల ఇన్సూరెన్స్ గురించి, నామినీ గురించి చెప్పాల్సినప్పుడు అమ్మ నోరు మూయిస్తుంది. “అలాంటి మాటలు ఇప్పుడెందుకురా” అంటుంది. ఆమె ముందు వద్దు. నాన్నకో అన్నకో విడిగా చెప్పు, రెండు నిమిషాల్లో ముగించు, మళ్లీ ఎత్తకు.

పెళ్లి మాట. అగ్నివీర్ అవివాహితుడై ఉండాలి, ఆ నాలుగేళ్లలో పెళ్లి చేసుకోకూడదు. “వెళ్లేలోపు మరదలితో తాంబూలాలు పుచ్చేసుకుందాం” అని మేనమామ తొందరపెట్టొచ్చు. ఆ పిల్లను నాలుగేళ్లు కూర్చోబెట్టే మాట పది రోజుల హడావుడిలో ఇవ్వొద్దని నా సలహా. ఆ పిల్లకు కూడా చదువు, ఇష్టం ఉంటాయి కదా.

పెట్టె సర్దడం

దీని గురించి అందరూ చెబుతారు కాబట్టి త్వరగా ముగిస్తాను. లెటర్‌లో ఉన్నవి చాలు. వెల్లింగ్టన్ లాంటి చలి ప్రాంతమైతే ఉన్ని బట్టలు. రన్నింగ్ బూట్లు కొత్తవైతే ఈ పది రోజులూ ఇంట్లోనే వేసుకుని తిరుగు, లేకపోతే అక్కడ బొబ్బలెక్కుతాయి. విలువైనవేవీ వద్దు, మెడలో గొలుసు, వేలికి ఉంగరం ఇంట్లోనే ఇచ్చెయ్యి.

అమ్మ అరిసెలు, సున్నుండలు, చేగోడీలు, ఆవకాయ సీసా సర్దుతుంది. వద్దని గొడవపడకు. రైల్లో నీతోపాటు వచ్చే కుర్రాళ్లకు పెట్టు. నాకు మొదటి స్నేహితుడు దొరికింది అరిసెల డబ్బా మూత తీసినప్పుడే. నూనె కారే పచ్చడి సీసా మాత్రం బట్టల పెట్టెలో పెట్టొద్దు.

రెండు వస్తువులు మాత్రం నా మాట మీద పెట్టుకో. ఇంటిల్లిపాదీ ఉన్న ఒక ఫొటో, ఫోన్‌లోది కాదు, స్టూడియోలో ప్రింటు తీయించింది. అందుకోసం అందరినీ ఒకసారి స్టూడియోకు తీసుకెళ్లు. రెండోది, ఇన్‌లాండ్ లెటర్లు ఒక పది. ఒక్కోటి రెండున్నర రూపాయలే. మీద ఇంటి అడ్రసు ముందే రాసి ఉంచు. ఫోన్ లేని వారాల్లో రాత్రి పది నిమిషాలు రాసుకోవడానికి పనికొస్తాయి. పోస్ట్‌మ్యాన్ చేతినుంచి కొడుకు ఉత్తరం అందుకోవడం ఇప్పటి తల్లులకు తెలియని సంతోషం, అది మీ అమ్మకు దక్కనీ.

మా నాన్న నా ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నా పేరు రాశాడు. ఆయన మూడో తరగతి దాకానే చదివాడు. స్కేలు పెట్టి గీత గీసి, నాలుక పళ్ల మధ్య బిగబట్టి, ఒక్కో అక్షరం రాసేసరికి మధ్యాహ్నమైంది. చివరి అక్షరాలకు చోటు చాలక కిందికి వంగిపోయాయి. నేను పక్కనే ఉండి బ్రష్ ముంచి ఇవ్వాల్సింది. ఊళ్లో తిరుగుతున్నాను. నీ పెట్టె మీద పేరు రాసే పని నాన్నకే ఇవ్వు. నువ్వు పెయింటు డబ్బా పట్టుకో.

ఫోన్ ఒప్పందం

వెళ్లే ముందు ఇంటివాళ్లతో మూడు విషయాల్లో ఒక మాట అనుకోండి. మొదటిది, పది పదిహేను రోజులు ఫోన్ రాకపోయినా కంగారు పడకూడదు. రాలేదంటే బాగానే ఉన్నట్టు. రెండోది, నువ్వు వెళ్లాక కంపెనీ (సెంటర్‌లో నిన్ను వేసే దళం) పేరు, సెంటర్ చిరునామా, అక్కడి ఫోన్ నంబరు ఉత్తరంలోనో మొదటి కాల్‌లోనో చెబుతావు, అది నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. నిజంగా ఆపదొస్తే దానికే ఫోన్ చెయ్యాలి. మా రోజుల్లో టెలిగ్రాం ఉండేది, అది 2013లోనే ఆగిపోయింది.

మూడోది కష్టమైంది. చిన్న చిన్న ఇబ్బందులు, గేదె ఈనలేదని, పక్కింటివాళ్లు మాటన్నారని, వారానికొకసారి దొరికే ఐదు నిమిషాల్లో చెప్పొద్దు. కానీ పెద్ద విషయం దాచొద్దు. నేను సెంటర్‌లో ఉండగా మా నానమ్మ పోయింది. నా ట్రైనింగ్ చెడుతుందని మూడు నెలలు దాచారు. మంచి మనసుతోనే చేశారు, తెలుసు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంటినుంచి ఏ ఉత్తరమొచ్చినా ఇందులో ఏం దాచారో అని వెతుక్కునేవాణ్ని. దీని మీద వెళ్లకముందే అందరి చేతా మాట తీసుకో.

అమ్మలకు, నాన్నలకు ఇక్కడ ఒక మాట. మొదటి మూడు వారాలు పిల్లాడు ఫోన్లో ఏడవొచ్చు, “వచ్చేస్తా” అనొచ్చు. దాదాపు అందరూ అంటారు, నేనూ అన్నాను. “వచ్చెయ్ నాన్నా” అనకండి. “సిగ్గులేదా” అని కూడా అనకండి. “ఈ ఆదివారం దాకా చూడు, మళ్లీ మాట్లాడుకుందాం” అనండి. ఆదివారం వచ్చేసరికి వాడికి పక్క మంచంవాడు స్నేహితుడైపోయి ఉంటాడు.

ఆఖరి రాత్రి, బయల్దేరే పొద్దున్న

ఆఖరి రోజుకు ఏ పనీ మిగల్చకు. పెట్టె ముందురోజే సర్దేసి తాళం వెయ్యి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, అందరూ ఆ తలను చూసి నవ్వడం కూడా అయిపోవాలి. అరసవల్లి సూర్యనారాయణ స్వామికో, మీ ఊరి అమ్మవారికో, చర్చికో, దర్గాకో వెళ్లాలనుకుంటే అది కూడా ముందే. ఆఖరి సాయంత్రం ఇంట్లో ఉండు. బయట ఎవరు పిలిచినా “రేపు ఫోన్ చేస్తా” అను. వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగు. అందరూ ఒకే వరసలో కూర్చుని తినండి, అమ్మతో సహా. ఆమె వడ్డిస్తూ నిలబడితే చెయ్యిపట్టి కూర్చోబెట్టి, నువ్వే వడ్డించు. పెద్ద పెద్ద మాటలేమీ చెప్పక్కర్లేదు. టీవీలో సీరియల్ వస్తే అదే చూడండి. రాత్రి అందరూ ఒకే గదిలో చాపలు వేసుకుని పడుకోండి.

రిపోర్టింగ్ తేదీ మంగళవారం పడిందని, వర్జ్యం ఉందని నానమ్మ బెంగపడితే కసురుకోకు. ఆర్మీ తేదీ మారదు. దానికి మన పెద్దలే ఉపాయం పెట్టారు: ముందురోజు మంచి గడియలో నీ బ్యాగొకటి పక్కింట్లో పెట్టిస్తే ప్రస్థానం కట్టినట్టే. నానమ్మకు నిశ్చింత, నీకు నష్టం లేదు. పొద్దున్న పెరుగన్నం తిను, ఎదురు రమ్మని చెల్లినే పంపు, గడప దాటేటప్పుడు “వెళ్లొస్తా” అను. “పోతున్నా” అని మాత్రం అనకు, సరదాకైనా సరే.

స్టేషన్‌కి, రిక్రూటింగ్ ఆఫీసుకి ఊరంతా రావొద్దు. విశాఖపట్నమైనా, గుంటూరైనా, సికింద్రాబాదైనా అక్కడ గేటు బయట గంటలు గంటలు ఎండలో నిలబడాలి. నానమ్మతో, అమ్మతో గుమ్మంలోనే సెలవు తీసుకో. నాన్నో అన్నో ఒక్కరు వస్తే చాలు. వాళ్ల తిరుగు టికెట్టు, మధ్యాహ్నం భోజనం ముందే చూడు.

కాళ్లకు దండం పెట్టేటప్పుడు ఏడుపొస్తే ఆపుకోవాలని చూడకు. మా నాన్న స్టేషన్‌లో ఏడవలేదు. రైలు కదిలాక కిటికీలోంచి ఒక చిన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ట్రంకు తాళానికి రెండు చెవులుంటే ఒకటి నాకిచ్చి, రెండోది తన మొలతాడుకు కట్టుకున్నాడని అమ్మ తర్వాత ఉత్తరం రాయిస్తే తెలిసింది.

సెంటర్‌కి చేరాక మొదటి కాల్ దొరికినప్పుడు వెనక లైన్లో ఇరవై మంది ఉంటారు, రెండు నిమిషాలే ఇస్తారు. ఇక్కడ ఎండ, అక్కడ రగడా అని మొదలుపెట్టకు. క్షేమంగా చేరానని చెప్పు, కంపెనీ పేరు, చిరునామా చెప్పు. అమ్మ “అన్నం తిన్నావా” అంటుంది. తిన్నానని చెప్పి ఊరుకోకు, ఏం తిన్నావో కూడా చెప్పు. తర్వాత ఆమె ఏం తిందో అడుగు.